కదలని లిస్టు

మూడింటికి చార్టు పడుతుంది. ఇప్పుడు రెండూ ఐదు. అంటే ఇంకా యాభై అయిదు నిమిషాలు, ఎంతసేపు యాభై అయిదు నిమిషాలు, ఓ పదిమంది కిటికీ ముందుకి వచ్చి పోతే అయిపోతాయి, అనుకుంది మూడో నంబరు కిటికీ వెనక కూర్చున్నావిడ. అనుకుని, మెడకి చుట్టుకున్న స్కార్ఫుని ఇంకాస్త పైకి లాక్కుంది. రిజర్వేషన్ ఆఫీసులో ఏసీ చలి ఎక్కువని అందరితో చెబుతుంది గాని ఆ స్కార్ఫు చలికి కాదు. దాని కింద, గొంతుకి ఎడంపక్క, ఒక గడ్డ ఉంది. మొదట గోలీ అంత ఉండేది, ఇప్పుడెంతుందో చూసుకోవడం ఆవిడ మానేసింది. నోట మాట రానప్పుడు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుందని జనం ఊరికే అంటూ ఉంటారు, ఇన్నేళ్ళూ ఆవిడ కూడా అంటూ వచ్చింది, ఇక మీదట ఎవరైనా ఆవిడ ముందు ఆ మాట అనకుండా ఉంటే మంచిది. ఎల్లుండి పొద్దున్న ఆపరేషన్. రేపు మధ్యాహ్నంలోగా పెద్ద ఊళ్ళో ఆస్పత్రిలో చేరాలి. చేరాలంటే ఈ సాయంత్రం ఏడింటి బండి ఎక్కాలి, అదొక్కటే వేళకి చేరుస్తుంది, పెట్టెలన్నీ రిజర్వేషన్‌వే, ఊరికే ఎక్కి నిలబడతానంటే కుదరదు. రోడ్డు మీదైతే ఒకటిన్నర రోజు. ఈ తారీఖు తప్పితే మళ్ళీ మూడు నెలల దాకా ఆ పెద్ద డాక్టరు దొరకడు. మూడు నెలలు ఆగొచ్చా అని అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆగమని నేనైతే చెప్పను, అన్నాడు. ఏడింటి బండిలో ఆవిడకీ, ఆవిడ భర్తకీ కలిపి ఇప్పటికి ఉన్నవల్లా వెయిటింగ్ లిస్టులో ఒకటీ, రెండూ.

“నలభై రెండంట అమ్మా. అవుద్దంటారా?” అని కిటికీ అవతల ఒక పెద్దాయన టికెట్టు అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ చదవకుండానే రంగు, అక్షరాలు చూసి పోల్చుకుంది. ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం. ఆవిడ పేరు ఈ హాల్లో ఎవరికీ అక్కర్లేదు, మూడో కిటికీ అమ్మ అంటే చాలు, ‘అవుతుందా’ అంటే అవుతుందో అవ్వదో ముఖం మీద చెప్పేస్తుందని ఒకటో కిటికీ ఖాళీగా ఉన్నా జనం వచ్చి ఇక్కడే నిలబడతారు. “జనరల్ లిస్టులో ఉన్నారు బాబాయ్, బండి బయల్దేరే ఊరి నుంచి తీశారు. నలభై రెండైనా భయం లేదు, అవుతుంది. పడుకోవడానికి కాకపోయినా సగం బెర్తు దొరుకుతుంది, ఇద్దరు కూర్చుని వెళ్ళొచ్చు” అంది మైకులోకి, తన గొంతు బయట స్పీకరులోంచి గరగరలాడుతూ తనకే వినిపించింది. భయం లేదు. ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, తనేదో బెర్తు కోసి ఇచ్చినట్టు. జనానికి అంకె ఒక్కటే కనిపిస్తుంది, అదీ తంటా. అంకె పెద్దదైతే గుండె జారిపోతుంది, చిన్నదైతే చంకలు గుద్దుకుంటారు. ఎన్నిసార్లు చెప్పింది, వచ్చిన ప్రతివాడికీ చెప్పింది, ఎన్నోవాడివని కాదురా నాయనా, ఏ లిస్టులో ఉన్నావని చూసుకో అని. బండి పుట్టిన ఊరి నుంచి చివరి ఊరి దాకా తీసుకున్నవాళ్ళది జనరల్ లిస్టు, దానికి బెర్తులెక్కువ, రద్దయ్యేవీ ఎక్కువ, అది వాగులాగా పారుతుంది. దారిలో ఓ పెద్ద ఊరి నుంచి ఎక్కేవాళ్ళకి వాళ్ళ వాటా వేరు, వాళ్ళ లిస్టు వేరు, అది కాస్త మందం. చివరి నిమిషంలో హడావుడిగా తీసే తత్కాల్ లిస్టుకి సగం బెర్తులూ అవీ లేవు, అయితే అయినట్టు లేకపోతే పోయినట్టు. ఇక నడిమధ్య ఊళ్ళో ఎక్కి చివరి ఊరికి ముందే దిగిపోయేవాళ్ళకి పూల్ కోటా, అంటే ఏడిళ్ళకి కలిపి ఒకే బిందె నీళ్ళు, ఏ ఇంటివాడూ తన గ్లాసు వదలడు. అందులో ఆరో నంబరు కన్నా జనరల్‌లో అరవయ్యో నంబరు నయం. అయినా జనం వినరు. ఆరు అనగానే మొహాలు వెలిగిపోతాయి.

ఆవిడ భర్త మొహం కూడా అలాగే వెలిగింది. సందు మలుపులో ఆయనది తాళాల దుకాణం, మూడడుగుల వెడల్పు, తాళం చెవులు అరగదీసే మిషను, గోడ నిండా మేకులు, మేకుల నిండా ఎవరివో గుత్తులు. మాట తక్కువ మనిషి. మూడు వారాల కిందట టికెట్టు చేతికిస్తే వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. “ఆరూ, ఏడూనా? ఆరెంత, అయిపోతుందిలే” అన్నాడు, మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. ఆవిడ అవునంది. ఊరికే అవునంది. ఆరూ ఏడూ ఏ లిస్టులోవో ఆవిడకి తెలుసు, తెలిసి తీసింది, స్వయంగా ఈ కుర్చీలోనే కూర్చుని, ఈ కీబోర్డు మీదే. జనానికి మప్పిన కిటుకు తను మర్చిపోయిందా? బండి పుట్టిన ఊరు ఇక్కడికి గంట దూరం. అక్కడి నుంచి చివరి ఊరి దాకా తీసుకుని, ఎక్కేది మాత్రం ఇక్కడ అని రాయించుకోండి, జనరల్ లిస్టులో పడతారు, అని ఎన్ని వందలమందికి చెప్పి పంపింది, పెళ్ళివారికి, పరీక్షలవాళ్ళకి, కాన్పుకెళ్ళే పిల్లలకి. తన వంతు వచ్చేసరికి ఎక్కే ఊరు అన్నచోట ఈ ఊరు కొట్టింది, దిగే ఊరు అన్నచోట చివరి ఊరికి ఒక స్టేషను ముందుది కొట్టింది. ఆస్పత్రి ఆ స్టేషనుకే దగ్గర కదా అని మనసుకి ఒక సాకు చెప్పింది. నిజమే, దగ్గరే. సాకులన్నీ నిజాలే అయివుంటాయి, అదే వాటితో వచ్చే చిక్కు. పూల్ కోటా వెయిటింగ్ ఆరు, ఏడు, అని తెర మీద వచ్చినప్పుడు ఆవిడకి ఊపిరి వచ్చింది, అమ్మయ్య అనుకుంది, ఆ అమ్మయ్య ఎందుకో తనకే అర్థమై ఒళ్ళు జల్లుమంది.

భయం. ఇంకేముంది, భయమే. మత్తిస్తారట, పది అంకెలు లెక్కపెట్టమంటారట, ఏడు దాకా కూడా వెళ్ళరట ఎవరూ. ఆ తర్వాత ఏముంటుంది? అమ్మ ఎన్ని లెక్కపెట్టిందో. అమ్మకి కూడా చిన్న ఆపరేషనే, పిత్తాశయంలో రాళ్ళు, ఊళ్ళో రోజుకి నలుగురికి చేస్తారు, పొద్దున్న వెళ్ళి మూడోనాడు వచ్చెయ్యడమే అన్నారు. తలుపు దగ్గర ఆ చక్రాల బల్ల ఆపి, కళ్ళజోడు తీసి ఆవిడ చేతికిచ్చింది అమ్మ, “పట్టుకో, ఇప్పుడే వచ్చేస్తా, అద్దాల మీద వేళ్ళు పెట్టకు” అంది. పంతొమ్మిదేళ్ళు అప్పుడు ఆవిడకి. రెండు గంటలు పట్టుకుని నిలబడింది, అద్దాల మీద వేళ్ళు పడకుండా. తర్వాత ఎవరో ఒకాయన ఆకుపచ్చ బట్టల్లో వచ్చి, నాన్నని పక్కకి పిలిచి, మత్తు పడలేదండీ ఆవిడకి, అన్నాడు, పాలు విరిగాయండీ అన్నంత మెల్లగా. మెలకువ రాలేదు, అంతే. ఇప్పుడు అలా జరగవు, మిషన్లు మారాయి, మందులు మారాయి, అని పెద్ద డాక్టరు నవ్వాడు, అంతా విని చివర్లో, గొంతు నరం పక్కనే ఉంది కనుక స్వరం కొంచెం మారొచ్చు, వందలో ఒకరిద్దరికి, అని కలిపాడు. వందలో ఒకరిద్దరు. లిస్టుల మనిషికి చెప్పాల్సిన మాటేనా అది? వందలో ఒకరిద్దరు ఎక్కడికీ పోరు, ఎప్పుడూ ఎవరో ఒకళ్ళు ఆ ఒకళ్ళు అవుతారు, వాళ్ళు వచ్చి తన కిటికీ ముందు నిలబడటం ఆవిడ రోజూ చూస్తోంది. మాట లేని మనిషిని మూడో కిటికీలో ఎవరు కూర్చోబెడతారు? వెనక గదిలో పాత కాగితాల కట్టలు కట్టమంటారు. అదైనా మెలకువ వస్తే కదా.

రెండూ ఇరవై రెండు. పక్క కిటికీలో రేడియో మోగుతూనే ఉంది. రేడియో అంటే రేడియో కాదు, రెండో కిటికీ ఆయన, నోరు మూత పడదని ఆఫీసు మొత్తం పెట్టిన పేరు. “ఏంటక్కా, ఇవాళ కూడా రావాలా? సంచి సర్దుకోకుండా ఇక్కడేం చేస్తున్నావు? సెలవెప్పట్నుంచి?” “రేపట్నుంచి” అంది ఆవిడ. “టికెట్టు అయినట్టేగా?” “ఆఁ” అంది. ఆఁ అంటే అవునూ కాదు, కాదూ కాదు, భలే మాట. రేడియో మంచివాడే, తెలిస్తే నిమిషంలో ఆఫీసంతా తిరిగి ఏదో ఒకటి చేసేస్తాడు, అందుకే తెలియకూడదు. ఆస్పత్రి కాగితం పెట్టి అర్జీ ఇస్తే పైఆఫీసరు అత్యవసర కోటాలో రెండు బెర్తులు ఇప్పించగలడు, రోగులకి ఇస్తారు, ఎందరికో ఆవిడే అర్జీ రాసిచ్చింది, ఏ గదికి వెళ్ళాలో ఏ వేళకి వెళ్ళాలో చెప్పి పంపింది. తన ఆస్పత్రి కాగితం మటుకు సంచిలో అడుగున, దువ్వెన కింద నాలుగు మడతలు పెట్టుకుని ఉంది. నిన్న పొద్దున్న తత్కాల్ తెరిచారు. తెరిచిన మొదటి నిమిషంలో ఇదే కుర్చీలో కూర్చుని ఆవిడ నలుగురికి టికెట్లు కొట్టింది, చేతులు ఒణక్కుండా, అదే బండికి, అదే రోజుకి. తన ఫారం కూడా రాసుకుని తెచ్చుకుంది, ఒట్టు, రాసుకునే తెచ్చుకుంది. కీబోర్డు కింద పెట్టుకుంది. వరసలో ఉన్నవాళ్ళది అయ్యాక తనది కొట్టుకుందాం, ముందే తనది కొట్టుకుంటే తప్పు కదా, రూలు రూలే కదా అనుకుంది. వరస అయ్యేసరికి బెర్తులు అయిపోయాయి. ఎంత నీతి! చెప్పేటందుకే నీతులు అంటారు గాని, కొందరు నీతుల వెనక నక్కడానికి కూడా వాడుకుంటారు.

అయినా ఆ దిక్కుమాలిన లిస్టు ఊరుకుందా? కదలదు కదలదు అనుకున్నది కదిలింది. మొదటి వారం ఆరు ఆరుగానే ఉంది, ఆవిడ హాయిగా పడుకుంది. రెండో వారం పొద్దున్నే వచ్చి తెర తెరిస్తే నాలుగూ ఐదూ. ఎవరో ఇద్దరు మానుకున్నారు. తర్వాత మూడూ నాలుగూ. మొన్న ఒకటీ రెండూ. ఇంట్లో ఆయన రోజూ అన్నం దగ్గర అడుగుతాడు, “ఎంతకొచ్చింది?” అని, చెబితే తల ఊపుతాడు, ఇంకేం అనడు, కంచంలోకి చూస్తూ తింటాడు. ఒకటి దగ్గర ఆగిపోయిన లిస్టులు ఆవిడ ఎన్ని చూడలేదు? ఒకటి దగ్గర ఆగిపోయినవాడి మొహం చూడలేం, తొంభై దగ్గర ఆగినవాడు తిట్టుకుంటూ వెళ్ళిపోతాడు, ఒకటి దగ్గర ఆగినవాడు కిటికీ వదలడు. ఒక్కటేనమ్మా, ఒక్కటే కదా, అంటాడు. ఆ ఒక్కటీ తనకి ఆగిపోవాలని మొన్నట్నుంచీ ఆవిడ మొక్కుకుంటోంది, ఆగిపోతే ఏమవుతుందో తెలిసి కూడా. మూడు నెలలు. మూడు నెలల్లో గోలీ ఏమవుతుంది? పైకి ఎగబాకుతుందా, కిందకి దిగుతుందా, మింగుడు పడదా, ఊపిరాడదా? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే వినడానికి బాగుంటుంది, నిలబడి చూస్తే రెండూ చీకటిగానే ఉంటాయి. రెండూ ముప్పై నాలుగు. ఒకావిడ పిల్లాడి వయసు తప్పు రాసింది, దిద్దించింది. ఒకతను వేరే తారీఖు అడిగాడు, లేదంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మంచినీళ్ళు తాగుదామని సీసా ఎత్తితే గుటక ఆ గడ్డ పక్కనుంచి దిగడం తెలిసింది, సీసా దింపేసింది.

రెండూ నలభై రెండుకి ఒక జంట వచ్చింది. వాళ్ళు రావడానికి ముందే వాళ్ళ గొడవ వచ్చింది. ఆయనకి నలభై ఉంటాయేమో, చేతిలో ఫారం, మొహం ధుమధుమలాడుతోంది. భార్య వెనకాలే, భుజాన సంచి, నోరు ఆగడం లేదు. “మా చిన్నన్న గృహప్రవేశమైతే నడుం నొప్పి, మీ మేనమామ కూతురిదైతే నడుం బానే ఉంటుంది” అంటోంది. “నువ్వు ఊరుకుంటావా, నలుగురూ చూస్తున్నారు” అన్నాడాయన. “చూడనీ, వాళ్ళకీ ఉంటాయి నడుములు.” వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఫారమూ టికెట్టూ కిటికీ కింద సందులోంచి తోశాడు. “రద్దు చెయ్యండి మేడం, ఇద్దరివీ. ఇవాళ్టి బండే.”

ఆవిడ టికెట్టు చూసింది. ఏడింటి బండి. ఎక్కే ఊరు ఇది. దిగే ఊరు, చివరి ఊరికి ఒక స్టేషను ముందు. రెండు బెర్తులు, ముప్పై ఒకటి, ముప్పై నాలుగు. పూల్ కోటా. కాసేపు ఏమీ వినబడలేదు, ఏసీ మోత కూడా. ఏడిళ్ళ బిందెలోంచి రెండు గ్లాసులు, సరిగ్గా రెండు, తన చేతిలో ఉన్నాయి. ఈ మీట తను నొక్కితే, నొక్కిన మరుక్షణం, లిస్టులో ఒకటీ రెండూ ఉన్నవాళ్ళకి ఇవి వెళ్ళిపోతాయి, ఆ ఒకటీ రెండూ ఎవరో ఈ హాల్లో ఆవిడ ఒక్కతికే తెలుసు. చార్టుకి పదిహేడు నిమిషాలుంది. చార్టు పడ్డాక రద్దు చేస్తే లిస్టుకి పోవు, విడిగా పోతాయి, ఎవడో ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుకొచ్చినవాడికి పోతాయి. పదిహేడు నిమిషాలు. నోరు దానంతట అదే తెరుచుకుంది. “లింకు పోయిందండీ, కాస్త ఆగాలి” అంది.

“ఎంతసేపు?” అన్నాడాయన. “పావుగంట పట్టొచ్చు” అంది ఆవిడ, పావుగంట అని ఎందుకంది, ఇరవై నిమిషాలనాల్సింది. పక్క కిటికీలో రేడియో టకటకా టికెట్టు కొట్టి ప్రింటు లాగుతున్నాడు, ఆ చప్పుడు వీళ్ళకి వినబడుతుందా, వినబడితే ఏమంటుంది, ఆ మిషను వేరంటుంది. ఇరవయ్యారేళ్ళలో ఆవిడ లింకు పోకుండా లింకు పోయిందని ఎవరితోనూ అనలేదు. టీ తాగడానికి వెళ్ళాలన్నా టీ తాగడానికి వెళ్తున్నానని బోర్డు పెట్టి వెళ్ళింది. మెడ వెనక చెమట దిగుతోంది, స్కార్ఫు కింద ఉక్కగా, దురదగా ఉంది. తెర మీద గడియారం నలభై అయిదు అని మారింది. అలా మారుతూనే ఉండనీ. పదిహేను నిమిషాలు అబద్ధమాడితే చాలు, ఎవర్నీ చంపక్కర్లేదు, ఏడింటికి బండి వెళ్ళిపోతుంది, అది వెళ్ళిపోయాక మనం ఏం చెయ్యగలం చెప్పు, లిస్టు కదల్లేదు, ఒకటి దగ్గర ఆగిపోయింది, అని ఇంటికెళ్ళి ఆయనతో అంటే తల ఊపుతాడు. తన మంచం మీద తను పడుకుంటుంది. పొద్దున్న తన కళ్ళు తనే తెరిచి లేస్తుంది. అంతకన్నా ఏం కావాలి మనిషికి? ఎల్లుండి పొద్దున్న కూడా లేస్తుంది. లెక్కపెట్టమనేవాళ్ళుండరు. తెలియకుండానే చెయ్యి స్కార్ఫులోకి పోయి ఆ గడ్డని తడుముతోంది, స్కార్ఫుని వదులు చేస్తోంది, గాలి కోసం.

“మేడం” అంది కిటికీ అవతలి ఇల్లాలు. గొంతు మారిపోయింది, ఇందాకటి గొడవ గొంతు కాదు. అద్దానికి దగ్గరగా వంగింది. “మీ మెడ దగ్గర వాపు... ఏమీ అనుకోకండి, చూపించుకున్నారా?”

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కనిపిస్తోందన్నమాట. అద్దంలోంచి, అంత దూరం నుంచి, ముక్కూ మొహం తెలియని మనిషికి కనిపిస్తోంది. గోలీ కాదిక. తనే చూసుకోవడం లేదు గాని లోకమంతా చూస్తోందన్నమాట, రేడియో కూడా చూసే ఉంటాడు, ఇంట్లో ఆయన కూడా, అన్నం దగ్గర కంచంలోకి అంత తదేకంగా చూసేది అందుకేనేమో. “ఆఁ, చూపించుకున్నాను” అంది. “మంచిపని చేశారు. మా పిన్నికి కూడా సరిగ్గా అక్కడే, అలాగే ఉండేది. ఏం కాదులే, ఏం కాదులే అంటూ...” అని ఆ ఇల్లాలు ఆగింది. “ఏమైంది మీ పిన్నికి?” అనడిగింది ఆవిడ. మైకు దగ్గరగా ఉంది కనుక ఆ ప్రశ్న బయట గట్టిగా వినిపించింది. భర్త పెళ్ళాం మోచెయ్యి పట్టుకున్నాడు. “ఇప్పుడవన్నీ ఎందుకే ఆవిడకి” అన్నాడు మెల్లగా. ఆ ఇల్లాలు, మేనమామ కూతుర్నీ నడుం నొప్పినీ ఎవర్నీ వదలని ఆ నోరు, మూత పడిపోయింది. నేలకేసి చూసింది. అంతసేపు మాట్లాడిన మనిషి ఒక్క మాట చెప్పలేక నేలకేసి చూడటం చూసి ఆవిడకి వెన్నులోంచి పుట్టింది వణుకు, అమ్మ తలుపు దాటి వెళ్ళినప్పుడు కూడా పుట్టనిది. పిన్నికి ఏమైందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడకి ధైర్యం వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ధైర్యం ఎక్కడిది, ఒక భయం ఇంకో భయాన్ని పక్కకి నెట్టింది, పెద్దది చిన్నదాన్ని నెట్టింది, అంతే. తెర మీద నలభై తొమ్మిది. “వచ్చిందండీ లింకు” అంది.

టికెట్టు నంబరు తప్పు కొట్టింది, చెరిపి మళ్ళీ కొట్టింది. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు. రద్దు చేయాలా అని మిషను అడిగింది. అలాగే అడుగుతుంది, రోజుకి యాభైసార్లు అడుగుతుంది, ఆవిడ ఎప్పుడూ దాని మొహం చూడకుండా అవుననేది. అవునంది. ప్రింటు గరగరమని వచ్చింది, చింపి సందులోంచి తోసింది, “ఆరోగ్యం జాగ్రత్తండి” అని ఆ ఇల్లాలు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి అంది, అవతలికి వెళ్ళాక మళ్ళీ వాళ్ళ గొడవ మొదలవడం వినిపించింది, చిన్నన్న గృహప్రవేశం దగ్గర్నుంచి. ఆవిడ తన టికెట్టు నంబరు కొట్టింది. చూడకుండా కొట్టగలదు, మూడు వారాలుగా రోజూ కొట్టినదే. ప్రయాణికులు ఇద్దరు. ఒకటి, కన్ఫర్మ్, ముప్పై ఒకటి. రెండు, కన్ఫర్మ్, ముప్పై నాలుగు. వెయిటింగ్ అన్న మాటే లేదు. మూడు వారాలు దాక్కున్న గది కాస్తా గోడలు పడిపోయి, ఆరుబయట నిలబడ్డట్టయింది. వెళ్తోంది. వెళ్తోంది ఇక. పది అంకెలు లెక్కపెట్టమంటారు.

వరసలో ఇంకా నలుగురున్నారు. మొదటి మనిషిది అడ్రసు తప్పు, రెండో మనిషికి కింది బెర్తు కావాలి, మూడో మనిషికి ఏం కావాలో అతనికే తెలియదు. నాలుగో మనిషి ఫారం పెట్టలేదు. ఆవిడ తలెత్తి చూస్తే ఆయన. తాళాలాయన. చేతికి ఆకురాయి మసి అలాగే ఉంది. రెండు సంచులూ కాళ్ళ దగ్గర పెట్టుకుని, పక్కనున్న తలుపులోంచి లోపలికి రావచ్చు, అందరూ ఎరిగినవాళ్ళే, రాకుండా, అందరితో పాటు వరసలో నిలబడి వచ్చాడు. “దుకాణం?” అంది ఆవిడ. “పొద్దున్నే కట్టేశాను” అన్నాడు. “పొద్దున్నే కట్టేసి ఎక్కడున్నావు?” ఆయన వెనక్కి, స్తంభం అవతల బల్ల వైపు తల తిప్పి చూపించాడు. పొద్దున్నించీ అక్కడే ఉన్నాడన్నమాట, తను ఇక్కడ ఈ పక్క, ఆయన అక్కడ ఆ పక్క.

“అయ్యాయి” అంది ఆవిడ. “రెండూ అయ్యాయి.”

ఆయన తల ఊపాడు. కంచం దగ్గర ఊపినట్టే ఊపాడు. ఇక ఆపుకోలేకపోయింది ఆవిడ. “నీకో మాట చెప్పాలి. అది కదలని లిస్టని తెలిసే తీశాను. కావాలని. అవ్వకూడదని” అంది, మైకు ఆపలేదన్న సంగతి కూడా చూసుకోలేదు, ఆ మాట హాలంతా వినిపించింది. రేడియో టైపు కొట్టడం ఆపేశాడు.

“తెలుసు” అన్నాడాయన.

“తెలుసా?”

“ఇరవయ్యారేళ్ళ నుంచి నువ్వు ఊరందరికీ చెప్పే పాఠం ఇంట్లో నేనూ వింటూనే ఉన్నా కదా. టికెట్టు చేతిలో పెట్టగానే ఎక్కే ఊరు చూశాను. తెలిసిపోయింది.”

“మరి ఒక్క మాట అనలేదేం? తిట్టలేదేం? ఆరే కదా అయిపోతుందన్నావు!”

ఆయన ఆ మసి చేతుల్ని అద్దానికి ఆనించాడు. ఎప్పుడూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, స్పీకరు లేని వైపున్న మనిషి, ఏమంటున్నాడో వినడానికి ఆవిడ అద్దం దాకా వంగాల్సి వచ్చింది. “నాకూ భయమేసింది” అన్నాడు. “అవ్వకపోతే బాగుండునని నేనూ రోజూ అనుకున్నాను. నువ్వు ఎంతకొచ్చిందో చెప్పినప్పుడల్లా, అక్కడే ఆగితే బాగుండునని.”

ఆవిడ స్కార్ఫు తీసేసి గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. గోడ మీద గడియారంలో మూడయింది. చార్టు పడింది. బండికి ఇంకా నాలుగు గంటలుంది.